క్షయలో కరిగిన కండ ఎక్కడికి పోతుంది?

క్షయ అంటే తరిగిపోవడం. సూక్ష్మజీవుల సంగతి ఎవరికీ తెలియని కాలంలోనే మన పెద్దలు ఈ జబ్బుకు ఒంటి తరుగుదలను బట్టి పేరు పెట్టారు. 1882లో రాబర్ట్ కాక్ క్షయ బాసిలస్‌ను, అంటే ఈ జబ్బు తెచ్చే బాక్టీరియాను, సూక్ష్మదర్శిని కింద చూపించాక జబ్బుకు అసలు కారణం దొరికింది. అప్పటి నుంచి చూపంతా కళ్లె పరీక్ష మీదికీ ఎక్స్‌రే మీదికీ మళ్లింది. ఇంట్లోవాళ్లకు మాత్రం ఇప్పటికీ ముందుగా కనిపించేది ఆ పాత పేరు చెప్పిన సంగతే. చొక్కా భుజాల మీద నిలవదు. కణతల దగ్గర గుంటలు పడతాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, చేతి వెనకవైపు ఉబ్బెత్తుగా ఉండవలసిన కండ లోపలికి పోయి, చర్మం ఎముకను అంటుకుంటుంది.

టీబీ చికిత్స కార్డులో బరువు రాసే గడి ఒకటి ఉంటుంది. రోజుకు ఎన్ని బిళ్లలు ఇవ్వాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారు. 25 నుంచి 34 కిలోలు ఉంటే రెండు, 35 నుంచి 49 ఉంటే మూడు, 50 నుంచి 64 ఉంటే నాలుగు, ఆపైన ఇంకా ఎక్కువ. పెళ్లయి పిల్లలున్న మగవాళ్లు, ఇటుకలూ బస్తాలూ మోసినవాళ్లు మూడు బిళ్లల వరుసలో పడటం మన దేశంలో మామూలు. ఛత్తీస్‌గఢ్ గ్రామీణ ప్రాంతంలో అనురాగ్ భార్గవ బృందం చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, క్షయ బయటపడేనాటికి మగవాళ్ల బరువు సుమారు 42 కిలోలు, ఆడవాళ్ల బరువు సుమారు 34 కిలోలుగా తేలింది.

"తిండి తినడం లేదు, అందుకే చిక్కిపోయాడు" అని ఇంట్లో అనుకుంటారు. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలియకపోతే ఆ మనిషికి ఎప్పుడు ఏం పెట్టాలో, పెట్టిందంతా ఒంటికి ఎందుకు పట్టడం లేదో అర్థం కాదు. తిన్న తిండినీ ఉన్న కండనూ జబ్బు వేరే పనికి మళ్లిస్తుంది. ఆ మళ్లింపు అమైనో ఆమ్లాల స్థాయిలో జరుగుతుంది. ఈ వ్యాసమంతా దాని గురించే.

ఉపవాసం వేరు, జ్వరం వేరు

మనం తినే పప్పు, గుడ్డు, పాలు, మాంసం, ఆ మాటకొస్తే అన్నంలో కూడా ఉండే మాంసకృత్తులు జీర్ణమై ఇరవై రకాల అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. శరీరం వాటిని మళ్లీ తనకు కావలసిన వరుసలో గుచ్చి సొంత మాంసకృత్తులు తయారు చేసుకుంటుంది. వీటిలో తొమ్మిదింటిని శరీరం సొంతంగా చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. కొవ్వుకు ఒంట్లో గోదాము ఉంది. అమైనో ఆమ్లాలకు అలాంటిది లేదు. దాచుకోవాలంటే కండగా మార్చి దాచుకోవాలి, అవసరం పడితే ఆ కండనే కరిగించాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి వరుసగా కొన్ని రోజులు ఏమీ తినకపోయినా శరీరం చాలా పొదుపు పాటిస్తుంది. మొదట కాలేయంలో చక్కెర నిల్వగా ఉండే గ్లైకోజెన్ ఖర్చవుతుంది. ఆ తరువాత కొవ్వు కరిగి కీటోన్లు పుడతాయి, మెదడు కూడా వాటితో సరిపెట్టుకోవడం నేర్చుకుంటుంది. దాంతో కండను కరిగించి గ్లూకోజ్ చేయవలసిన అవసరం తగ్గిపోతుంది. మాంసకృత్తులు కరిగితే వాటిలోని నత్రజని మూత్రంలో పోతుంది, అది రోజురోజుకూ తగ్గడమే దీనికి గుర్తు. ఆకలి చావుల నుంచి మనిషిని ఎక్కువ కాలం కాపాడే ఏర్పాటు ఇది.

ఊపిరితిత్తుల్లో బాక్టీరియా పడినప్పుడు ఈ పొదుపు పనిచేయదు. అది న్యుమోనియా కావచ్చు, క్షయ కావచ్చు. తెల్ల రక్తకణాలు టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సంకేత పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. టీఎన్ఎఫ్‌కు మొదట్లో ఉన్న మరో పేరు కాకెక్టిన్, అంటే ఒళ్లు కరిగించేది. ఈ సంకేతాలు మెదడుకు చేరి జ్వరం తెప్పిస్తాయి, ఆకలి చంపేస్తాయి. ఒంటి వేడి ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే శరీరం ఖర్చు పది నుంచి పదమూడు శాతం పెరుగుతుంది. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన ఈ వేళలో కీటోన్ల దారి సరిగా తెరుచుకోదు. కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరిగి కండరాలను కరిగించమంటుంది. కండరకణాల్లో పాత మాంసకృత్తులను ముక్కలు చేసే యంత్రాంగం, ప్రోటియాసోమ్ అనేది, పని వేగం పెంచుతుంది.

ఎంత పోతుందో ఒక లెక్క చూద్దాం. ఒక గ్రాము నత్రజని అంటే సుమారు ఆరుంపావు గ్రాముల మాంసకృత్తులు. కండలో ఐదో వంతే మాంసకృత్తులు, మిగతాది చాలావరకు నీరు. తీవ్రమైన జబ్బులో ఉన్న మనిషి, తిండితో వచ్చిన దానికన్నా రోజుకు పది గ్రాముల నత్రజని ఎక్కువగా పోగొట్టుకున్నాడనుకుంటే, ఆ ఒక్క రోజులోనే మూడు వందల గ్రాముల కండ పోయినట్టు. వారం తిరిగేసరికి రెండు కిలోలు. లండన్‌లో ఇంటెన్సివ్ కేర్ రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, పది రోజుల్లో ఆ కండరం అడ్డుకోత వైశాల్యం దాదాపు 18 శాతం తగ్గింది. న్యుమోనియా నుంచి బయటపడి ఇంటికి వచ్చిన పెద్దవాళ్లు "జ్వరం పోయింది గాని మెట్లు ఎక్కలేకపోతున్నాను" అంటే, అది నీరసం అని కొట్టిపారేసే మాట కాదు. వాళ్ల తొడల్లోంచి నిజంగానే సరుకు పోయింది.

కండ ఇచ్చేది ఒకటి, కాలేయం అడిగేది ఒకటి

కరిగిన కండ ముందుగా కాలేయానికి వెళుతుంది. బాక్టీరియాతో పోరాటం మొదలవగానే కాలేయం తన రోజువారీ పని కొంత పక్కనబెట్టి యుద్ధకాలపు సరుకు తయారీకి దిగుతుంది. సీ-రియాక్టివ్ ప్రొటీన్, ఫైబ్రినోజెన్, హాప్టోగ్లోబిన్, సీరం అమిలాయిడ్-ఏ లాంటివి గుట్టలుగా తయారవుతాయి. ప్రయోగశాల రిపోర్టుల్లో సీఆర్పీ అని కనిపించేది వీటిలో ఒకటే. ఆరోగ్యవంతుల్లో లీటరుకు ఐదు మిల్లీగ్రాముల లోపు ఉండేది బాక్టీరియా న్యుమోనియాలో వంద దాటడం మామూలే. అదే సమయంలో ఆల్బుమిన్ తగ్గిపోతుంది. "ఆల్బుమిన్ తగ్గింది, గుడ్డు తెల్లసొన పెట్టండి" అని వార్డుల్లో తరచూ వినిపించే మాటకు అక్కడే చిక్కు ఉంది. జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఆల్బుమిన్ తగ్గడానికి ముఖ్య కారణం వాపు. కాలేయం తయారీ వరుస మారింది, రక్తనాళాల్లోంచి ఆల్బుమిన్ కణజాలాల్లోకి జారింది. తెల్లసొన మంచిదే. కానీ ఇన్ఫెక్షన్ లొంగేదాకా ఆ అంకె ఆశించినట్టు పైకి రాదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే సంగతి ఒకటుంది. కండలో ఉండే అమైనో ఆమ్లాల పాళ్లు, కాలేయం తయారుచేసే ఈ కొత్త ప్రొటీన్లకు కావలసిన పాళ్లు ఒకటి కావు. వీటిలో ఫినైల్ అలనైన్, ట్రిప్టోఫాన్, టైరోసిన్ అనేవి ఎక్కువ. కండలో అవి తక్కువ. ఆరుగురికి పులిహోర కలపడానికి జీడిపప్పు చాలక, జీడిపప్పు కోసమని మిక్చర్ పొట్లాలు విప్పి ఏరుకుంటే ఎలా ఉంటుందో ఊహించండి. పొట్లాలు చాలా విప్పాలి, మిగిలిన కారప్పూస ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది. కాలేయం కూడా అలాగే తనకు కావలసిన పిడికెడు ఫినైల్ అలనైన్ కోసం కండను బోలెడంత కరిగిస్తుంది. పీటర్ రీడ్స్ అనే పోషణ శాస్త్రవేత్తా, సహచరులూ 1994లో వేసిన లెక్క ప్రకారం, తయారైన యుద్ధకాలపు ప్రొటీన్ బరువుకు రెండింతలకు పైగా కండ మాంసకృత్తులు కరగాలి. మిగిలిన అమైనో ఆమ్లాలు దాచే చోటు లేక కాలిపోతాయి, వాటి నత్రజని యూరియాగా మారి మూత్రంలో వెళ్లిపోతుంది. రోగి చిక్కిపోయే వేగానికి ఇదొక ముఖ్యమైన వివరణ.

మరో పద్దు గ్లూటమైన్ అనే అమైనో ఆమ్లం. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకూ పేగు గోడ కణాలకూ ఇది ఇంధనం లాంటిది. కండరాలు జబ్బు సమయంలో దీన్ని ధారాళంగా వదులుతాయి, అయినా రక్తంలో పాళ్లు పడిపోతాయి. ఇది విన్నవాళ్లెవరికైనా, అయితే గ్లూటమైన్ పొడి ఇస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. వైద్యులకూ అనిపించింది. అవయవాలు దెబ్బతిని ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న 1,223 మందిపై పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురించారు. గ్లూటమైన్ ఇచ్చినవారిలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. రక్తంలో ఏది తగ్గితే అది పోసేయడం వైద్యం కాదని తెలియడానికి చాలా ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. మందుల దుకాణాల్లో వేలకు వేలు పెట్టి డబ్బాలు కొనే కుటుంబాలకు ఈ ఒక్క సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెబితే బాగుండు అనిపిస్తుంది.

తిన్నా పట్టని రోజులు

క్షయ న్యుమోనియాలా వారం పది రోజుల జబ్బు కాదు. నెలల తరబడి సన్నటి సెగలా ఉంటుంది. అప్పుడు తిన్నది ఏమవుతోంది? 1998లో ప్రచురితమైన ఒక అధ్యయనం దీన్ని సూటిగా చూసింది. బెంగళూరుకు చెందిన పోషణ శాస్త్రవేత్తలు కూడా అందులో పాలుపంచుకున్నారు. గుర్తుపట్టడానికి వీలుగా బరువైన కార్బన్ అణువు అమర్చిన లూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని మూడు రకాల మనుషులకు ఇచ్చారు: ఆరోగ్యవంతులు, తిండి లేక చిక్కినవాళ్లు, క్షయతో చిక్కినవాళ్లు. ఆ కార్బన్ ఊపిరిలో బయటికి వచ్చిందంటే లూసిన్ ఇంధనంగా కాలిపోయినట్టు, రాకపోతే ఒంట్లో నిలిచినట్టు. తిండి లేక చిక్కినవాళ్లు పెట్టిన భోజనాన్ని పొదుపుగా ఒంటికి పట్టించుకున్నారు. క్షయ రోగులు మాత్రం తిన్నదాంట్లో ఎక్కువ వాటాను కాల్చేసుకున్నారు. బరువులో ఇద్దరూ దాదాపు ఒకటే, శరీరాలు నడిచే తీరు మాత్రం వేరు. పరిశోధకులు దీనికి కండ కట్టడంలో అడ్డంకి అని పేరు పెట్టారు.

ఆ అడ్డంకిని తొలగించేది మందే. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మొదలైనవి బాక్టీరియా బలాన్ని దించితే సంకేతాల హోరు తగ్గుతుంది, ఆకలి తిరిగివస్తుంది, తిన్నది పట్టడం మొదలవుతుంది. మందు లేకుండా ఎంత మంచి తిండి పెట్టినా పొయ్యిలో పోసినట్టే అవుతుంది. మందుండి తిండి లేకపోతే, పొయ్యి ఆరినా వండడానికి బియ్యం లేని ఇంటిలా అవుతుంది.

ట్రిప్టోఫాన్ కోసం పెనుగులాట

అమైనో ఆమ్లాల్లో శరీరంలో అతి తక్కువగా ఉండేవాటిలో ట్రిప్టోఫాన్ ఒకటి. కాలేయానికి అది కావాలి. మెదడులో సెరటోనిన్ దాన్నుంచే వస్తుంది. నయాసిన్ అనే విటమిన్ కూడా కొంత దాన్నుంచే తయారవుతుంది. అరవై మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము నయాసిన్ అని లెక్క.

క్షయ వచ్చినప్పుడు టీ-కణాలు అనే తెల్ల రక్తకణాలు ఇంటర్‌ఫెరాన్-గామా అనే సంకేతాన్ని వదులుతాయి. దానికి స్పందించి, క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు ఐడీఓ అనే ఎంజైముతో ట్రిప్టోఫాన్‌ను కైన్యురెనిన్‌గా విరగ్గొట్టేస్తాయి. ఇది శత్రువుకు దాణా దొరకకుండా పొలం తగలబెట్టే ఎత్తు. క్లమిడియా లాంటి కొన్ని సూక్ష్మజీవులు ఈ ఎత్తుకు నిజంగానే ఆకలితో చస్తాయి. క్షయ బాసిలస్ చావదు, ఎందుకంటే దానికి ట్రిప్టోఫాన్‌ను సొంతంగా తయారు చేసుకునే జన్యువులు ఉన్నాయి. 2013లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగాల్లో ఆ జన్యువులను దెబ్బతీసినప్పుడు బాసిలస్ టీ-కణాల ధాటికి నిలబడలేకపోయింది. అంటే మామూలుగా ఈ పెనుగులాటలో ట్రిప్టోఫాన్ లేక నష్టపోయేది బాసిలస్ కాదు, రోగే. చురుగ్గా ఉన్న క్షయలో రక్తంలో ట్రిప్టోఫాన్ తగ్గి కైన్యురెనిన్ పెరుగుతుంది. ఈ రెండింటి నిష్పత్తితో జబ్బును గుర్తుపట్టవచ్చా అని కూడా పరిశోధకులు చూస్తున్నారు. కైన్యురెనిన్ టీ-కణాల వేగాన్ని కూడా తగ్గిస్తుంది. ఊపిరితిత్తి తన వాపుకు తానే బలికాకుండా అది కొంత కాపాడుతుంది, ఆ మేరకు బాసిలస్‌కూ వెసులుబాటు దొరుకుతుంది.

ఇక్కడ కథలోకి మందు మరో దారిన వస్తుంది. 1952 నుంచి వాడుకలో ఉన్న ఐసోనియాజిడ్, విటమిన్ బీ6 పనికి అడ్డుపడుతుంది. అమైనో ఆమ్లాల నత్రజనిని ఒకదాని నుంచి మరోదానికి మార్చే ఎంజైములకు బీ6 లేనిదే పని నడవదు. ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారిలోనూ అది కావాలి. అందుకే సరైన తిండి లేనివాళ్లకూ, మధుమేహం ఉన్నవాళ్లకూ, మద్యం అలవాటున్నవాళ్లకూ, గర్భిణులకూ టీబీ మందులతో పాటు పైరిడాక్సిన్, అంటే బీ6, బిళ్ల ఇస్తారు. అరికాళ్ల మంట, తిమ్మిర్లు రాకుండా చూసేది ఆ చిన్న బిళ్లే. "ఇది విటమినే కదా" అని ముందుగా మానేసేదీ దాన్నే. బీ6 అందక, నయాసిన్ తయారీ కుంటుబడి, చర్మం మీద పెల్లాగ్రా (నయాసిన్ లోపంతో వచ్చే జబ్బు) మచ్చలు వచ్చిన టీబీ రోగుల గురించి వైద్య సాహిత్యంలో నమోదులు ఉన్నాయి.

పెల్లాగ్రా పేరు వస్తే హైదరాబాదును తలుచుకోకుండా ఉండలేం. కూనూరులో పుట్టిన పోషణ పరిశోధన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. దక్కన్‌లో జొన్న మీద బతికే పేదల్లో పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తోందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా అక్కడ వెతికారు. జొన్నలో నయాసిన్ మరీ తక్కువేమీ కాదు. అయితే జొన్నలో లూసిన్ ఎక్కువగా ఉండి ట్రిప్టోఫాన్ నుంచి నయాసిన్ తయారయ్యే దారిని దెబ్బతీస్తోందని 1960లో వాళ్లు ప్రతిపాదించారు. ఆ వాదనపై తరువాత చాలా చర్చ నడిచింది. కానీ ఒక అమైనో ఆమ్లం ఎక్కువైతే మరొకదాని దారి మారుతుందనీ, అది నేరుగా పేదవాడి కంచంలోంచి మొదలవుతుందనీ మన నేల మీద చూపించిన పరిశోధన అది. జొన్న సంకటితో కాస్త పప్పు, కాసిని పాలు చేరితే సమతూకం మారిపోతుంది.

కోడిగుడ్డు మీద పెరిగే బాసిలస్

క్షయ బాసిలస్‌ను ప్రయోగశాలలో పెంచే పాతకాలపు పద్ధతి లోవెన్‌స్టైన్-జెన్సెన్ మాధ్యమం. చిన్న గాజు సీసాలో ఏటవాలుగా గట్టిపడిన లేత ఆకుపచ్చ ముద్ద. ఆ రంగు మలకైట్ గ్రీన్‌ది, ముద్ద మాత్రం గిలకొట్టిన కోడిగుడ్డుది. అందులో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం, గ్లిజరిన్, కొన్ని లవణాలు కలుపుతారు. రోగి కళ్లెను శుద్ధి చేసి దాని మీద వేసి వెచ్చగా ఉంచితే, వారాలు గడిచాక, మీగడ రంగు పొడి రొట్టె ముక్కల్లాంటి గరుకు గుంపులు తేలతాయి. ఆస్పరాజిన్ ఎందుకంటే బాసిలస్‌కు నత్రజని కోసం ఇష్టమైన వనరుల్లో అదొకటి. మాక్రోఫేజ్ కడుపులో ఇరుక్కున్నప్పుడు కూడా అది మన కణంలోని ఆస్పరాజిన్‌ను లాక్కుంటుంది. దాన్ని విరగ్గొట్టి అమ్మోనియా పుట్టించి, తనను చంపడానికి కణం పోసే ఆమ్లాన్ని చల్లార్చుకుంటుంది. ఒకే అణువుతో తిండీ డాలూ రెండూ.

ఇది చదివి ఎవరైనా "అయితే గుడ్డు పెడితే క్రిమి బలుస్తుంది" అనుకుంటే పెద్ద పొరపాటు. తిన్న గుడ్డు పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. బాసిలస్‌కు కావలసింది అది ఎలాగూ మన కణాల్లోంచి లాక్కుంటూనే ఉంది, గుడ్డు మానినంత మాత్రాన దానికి పస్తు పడదు. మనకే పడుతుంది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి చేస్తుంది, పెరుగు కఫం చేస్తుంది అంటూ పథ్యం పేరుతో రోగి కంచంలోంచి ఒక్కొక్కటే తీసేస్తే చివరికి మిగిలేది మజ్జిగ నీళ్లలాంటి జావ. ఆ మనిషికి మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువ కావలసిన రోజుల్లోనే మనం అవి తీసేస్తున్నాం.

లంఖణం పరమౌషధం అన్న మాటను నేను తోసిపుచ్చను. తీవ్రమైన బాక్టీరియా ఇన్ఫెక్షన్ మొదటి రోజుల్లో ఆకలి లేకపోవడం శరీరం వేసుకున్న ఎత్తే కావచ్చు. లిస్టీరియా సోకిన ఎలుకలకు బలవంతంగా తిండి ఎక్కిస్తే ఎక్కువగా చనిపోయాయని 1979లోనే చూశారు. ఒకటి రెండు రోజుల జ్వరంలో మనిషి తినలేనంటే బతిమాలి కుక్కనవసరం లేదు. కానీ ఆ సామెత రోజుల లెక్క చూసి పుట్టింది. ఆరు నెలలు మందులు వాడే జబ్బుకు దాన్ని వర్తింపజేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

మద్రాసు చెప్పింది, జార్ఖండ్ సరిదిద్దింది

మందులు రాకముందు క్షయకు వైద్యం అంటే గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం ఆ రోజుల్లో దక్షిణాదంతటికీ పేరు. పడక దొరికినవాడికి ఆశ, దొరకనివాడికి లేదు. 1956లో మద్రాసులో వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో మొదలైన ప్రయోగం ఈ పరిస్థితిని తలకిందులు చేసింది. 193 మంది పేద రోగులను చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి ఒక జట్టును శానిటోరియంలో, మరో జట్టును వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవాళ్లు తక్కువ తిన్నారు, ఎక్కువ కష్టపడ్డారు, తక్కువ బరువు పెరిగారు. అయినా జబ్బు లొంగిన తీరు రెండు జట్లలోనూ దాదాపు ఒకటే. ప్రపంచమంతా శానిటోరియాలు మూతపడటానికి దారితీసిన ఫలితం అది. లక్షల మందికి ఇంట్లోనే వైద్యం అందింది. అది గొప్ప మేలు.

కానీ దాని వెనకే ఒక పొరపాటు పాఠం నడిచివచ్చింది. మందుంటే చాలు, తిండి సంగతి తరువాత చూసుకోవచ్చు అన్న భావన దశాబ్దాల పాటు నిలిచింది. మద్రాసు ప్రయోగం అడిగిన ప్రశ్న కళ్లెలో క్రిములు పోయాయా అన్నది. మనిషి బతికాడా, పనికి వెళ్లగలిగాడా, ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు రాకుండా ఆగిందా అన్న ప్రశ్నలకు విడిగా జవాబు కావాలి.

ఆ జవాబు జార్ఖండ్ నాలుగు జిల్లాల నుంచి వచ్చింది. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ నడిపిన రేషన్స్ ప్రయోగంలో 2,800 మంది ఊపిరితిత్తుల క్షయ రోగులకు ఆరు నెలల పాటు నెలకు పది కిలోల సరుకులు ఇచ్చారు. బియ్యం, పప్పుదినుసులు, పాలపొడి, నూనె. రోజుకు 1,200 కిలోకేలరీలు, 52 గ్రాముల మాంసకృత్తులు వచ్చేలా లెక్క. విటమిన్ బిళ్లలు అదనం. రోగుల్లో పదిమందికి ఎనిమిది మంది ఉండవలసిన బరువు కన్నా తక్కువ ఉన్నవాళ్లే. 2023లో ప్రచురించిన ఫలితాల్లో, మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవారిలో మరణ ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. 42 కిలోల మనిషికి ఐదు శాతం అంటే రెండు కిలోల చిల్లర.

నన్ను ఎక్కువగా కదిలించింది ఇంట్లోవాళ్ల లెక్క. రోగులతో ఒకే ఇంట్లో ఉన్న పదివేల మందికి పైగా మనుషుల్లో ఒక వర్గానికి సరుకులు ఇచ్చారు, మరో వర్గానికి రోగి సరుకులే తప్ప వేరే ఇవ్వలేదు. ఇంట్లోవాళ్లకూ సరుకులు అందిన చోట కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. కళ్లెలో క్రిములు కనిపించే రకం ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. ఇచ్చింది కొత్త టీకా కాదు. బియ్యం, పప్పు.

ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుంచి నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చింది, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేసింది. నగదు మంచిదే. అయితే అది బ్యాంకు ఖాతాలో పడేసరికి తొలి రెండు నెలలు గడిచిపోతే, ప్రాణాన్ని నిలబెట్టే ఆ రెండు కిలోలు ఎక్కడి నుంచి రావాలి? సరుకులు ముందు, మిగతా లెక్కలు తరువాత అన్నది నా అభిప్రాయం.

కంచం లెక్క

ఆరోగ్యవంతులకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు చాలని మన దేశంలో 2020 సిఫారసు. క్షయ నుంచి కోలుకుంటున్న మనిషికి సాధారణంగా 1.2 నుంచి 1.5 గ్రాములు పెట్టమంటారు. 45 కిలోల మనిషికి అది 54 నుంచి 68 గ్రాములు. డబ్బాలు కొనకుండా ఇది సాధ్యమే. రోజుకు మూడు వందల గ్రాముల బియ్యంతో 23 గ్రాములు వస్తాయి. అరవై గ్రాముల కందిపప్పుతో 13, రెండు గుడ్లతో 13, పావు లీటరు పాలతో 8, గుప్పెడు వేరుశనగ పప్పులతో 7. మొత్తం 64. గుడ్డు తిననివాళ్లు శనగలు, సోయా, పెరుగు పెంచుకోవాలి. అమైనో ఆమ్లాల్లో బియ్యంలో లైసిన్ కొరత, పప్పులో మెథియోనిన్ కొరత. పప్పన్నం కలిపి తిన్నప్పుడు ఒకదాని లోటు మరొకటి పూడుస్తుంది. మన వంటింటికి ఈ సంగతి శాస్త్రం చెప్పకముందే తెలుసు.

రెండు జాగ్రత్తలు. మరీ ఎముకల గూడులా ఉన్న మనిషికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకు ప్రమాదం. అలాంటివాళ్లకు వైద్యుల కనుసన్నల్లో కొద్దికొద్దిగా పెంచాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల లెక్క వేరు, అది కూడా వైద్యులే చెప్పాలి.

మధుమేహం, క్షయ కలిసి ఉన్నవాళ్లు మన తెలుగు రాష్ట్రాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఒక వైపు నుంచి "తగ్గించి తిను", మరో వైపు నుంచి "బాగా తిను" అని వినిపిస్తుంది. అమైనో ఆమ్లాలను కండలోకి చేర్చడంలో ఇన్సులిన్ పాత్ర పెద్దది. చక్కెర అదుపులో లేకపోతే పెట్టిన పప్పూ గుడ్డూ పట్టవు. వాళ్లకు తిండి తగ్గించడం కన్నా అవసరమైతే ఇన్సులిన్ వేసి తిండి నిలబెట్టడమే దారి. ఆ మాట వైద్యుణ్ణి సూటిగా అడగాలి.

ఇక చివరి విషయం. మందులు పనిచేసి ఆకలి పుట్టి బరువు పెరగడం మొదలైతే ఇంట్లో అందరికీ ఊరట. అయితే క్షయ చికిత్సలో ఉన్నవాళ్ల ఒంటి కూర్పును కొలిచి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆరు నెలల్లో పెరిగిన బరువులో ఎక్కువ భాగం కొవ్వేనని తేలింది. మాంసకృత్తుల భాగం అంతగా పెరగలేదు. బుగ్గలు నిండుతాయి, నడుము కొలత పెరుగుతుంది, తొడలో బలం మాత్రం వెనకే ఉండిపోతుంది. కండకు పని చెప్పకపోతే అది అమైనో ఆమ్లాలను అంతగా తీసుకోదు. జ్వరం తగ్గి వైద్యులు సరేనన్నాక వీధి చివరిదాకా నడక, తరువాత మెట్లు, తరువాత చిన్న చిన్న బరువులు ఎత్తడం. మందుల ఆరు నెలలు ముగిసినా ఆ పప్పు, గుడ్డు, పాలు మరో ఆరు నెలలు తగ్గించకూడదు. ఎంత కోలుకున్నాడో తెలుసుకోవడానికి బరువు తూచే యంత్రం ఒక్కటే చాలదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేచి కూర్చోమని అడగండి. మొదటి నెల రెండోసారికే తూలినవాడు నాలుగో నెల ఐదుసార్లూ లేచి, ఆయాసం లేకుండా మాట్లాడితే, కరిగిపోయిన కండ తిరిగి వస్తున్నట్టు.